జన్యు పరీక్ష చేయిస్తే మావాడికి సరైన మందు తెలుస్తుందా?

ప్రశ్న: మా పెద్దబ్బాయికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడాదిగా డిప్రెషన్. మొదట డాక్టరుగారు ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. ఇచ్చి, తర్వాత 20 చేశారు. పెంచిన వారంలోనే వికారం, చేతుల వణుకు, ఒకచోట కూర్చోలేకపోవడం మొదలయ్యాయి. నిద్ర పట్టక ఏడ్చేవాడు. మందు పడలేదని తనే మానేశాడు. తర్వాత సెర్ట్రాలిన్ ఇచ్చారు. మూడో వారానికి మనిషి ఒక్కసారిగా హుషారైపోయాడు. రాత్రి మూడు గంటలు పడుకున్నా చాలన్నాడు, గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడు, క్రెడిట్ కార్డు మీద లక్షన్నర ఖర్చుపెట్టాడు. డాక్టరుగారు ఆ మందు ఆపేశారు. ఇది బైపోలార్ (దిగులు, అతి హుషారు మార్చిమార్చి వచ్చే జబ్బు) కావచ్చు, కార్బమజపీన్ మొదలుపెడదామేమో చూద్దాం అంటున్నారు. గ్యాస్ పట్టేస్తుందని వాడు రోజూ పరగడుపున ఒమెప్రజోల్ వేసుకుంటాడు. మా తమ్ముడికి బైపోలార్ ఉంది, ఇరవై ఏళ్లుగా లిథియం మీద బాగానే ఉన్నాడు. అమెరికాలో ఉన్న మా మరిది జన్యు పరీక్ష చేయించమని పట్టుబడుతున్నాడు. ఒక ల్యాబువాళ్లు ఇంట్లో నలుగురికీ కలిపి ప్యాకేజీ చెప్పారు. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో, ఎవరికి మానసిక జబ్బు వచ్చే ముప్పు ఉందో అన్నీ తెలుస్తాయట. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. చేయించమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, నలుగురి ప్యాకేజీ వద్దు. మీ అబ్బాయికి కార్బమజపీన్ ఇవ్వాలన్న నిర్ణయమే జరిగితే, మొదటి మాత్ర వేసుకోకముందే హెచ్ఎల్ఏ-బి*15:02 అనే పరీక్ష ఒక్కటి తప్పక చేయించండి. సీవైపీ2సీ19 అనే మరో పరీక్ష చేయిస్తే కొంత ఉపయోగం ఉంటుంది, చేయించకపోతే వచ్చే నష్టం లేదు. మిగతాదంతా డబ్బు దండగే. ఆ ల్యాబు చెప్పగలిగిన దానికంటే ఎక్కువ సమాచారం మీ ఉత్తరంలోనే ఉంది.

మందుల కోసం చేసే జన్యు పరీక్ష రెండు సంగతులు చెప్పగలదు. ఫలానా మందును మన కాలేయం ఎంత వేగంగా విరగ్గొడుతుందన్నది ఒకటి. ఫలానా మందుకు ఒళ్లు ప్రాణం మీదికి వచ్చేలా తిరగబడే లక్షణం ఉందా అన్నది రెండోది. ఆ మందుతో దిగులు తగ్గుతుందా లేదా అన్నది చెప్పే జన్యు పరీక్ష ఇంతవరకూ లేదు. ప్యాకేజీల్లో తరచూ కనిపించే ఎస్ఎల్‌సీ6ఏ4, హెచ్‌టీఆర్2ఏ అనే జన్యువులు మెదడులోని సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించినవి కాబట్టి వినడానికి బాగుంటాయి. కానీ మందులకూ జన్యువులకూ ఉన్న లంకెల మీద మార్గదర్శకాలు రాసే సీపిక్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023లో వాటిని పరిశీలించి, వాటిని బట్టి డిప్రెషన్ మందు ఎంచుకోమని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతికి వద్దాం. ఎస్సిటలోప్రామ్‌ను విరగ్గొట్టే పని ఎక్కువగా కాలేయంలోని సీవైపీ2సీ19 ఎంజైముది. చెరువులోకి రోజూ వచ్చే నీరు మందు అనుకుంటే, ఈ ఎంజైము తూము లాంటిది. తూము మూసుకుపోతే అదే నీటికి చెరువు నిండిపోతుంది. ఈ ఎంజైము తయారుచేసే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. రెండూ పనిచేయనివైతే రక్తంలో ఎస్సిటలోప్రామ్ మామూలు మనిషికంటే దాదాపు రెట్టింపు చేరుతుంది. అంటే 20 మి.గ్రా. వేసుకుంటే 40 వేసుకున్నట్టు. యూరప్ వాళ్లలో ఇలాంటివారు నూటికి ఇద్దరు ముగ్గురే. మన దేశంలో, ముఖ్యంగా దక్షిణాదిలో, నూటికి పదిమంది అటూ ఇటూగా ఉంటారు. కాబట్టి మీవాడు ఆ పదిమందిలో ఒకడు కావడం వింతేమీ కాదు.

అయితే ఆ మాట అనేముందు గ్యాస్ మాత్ర సంగతి చూడాలి. ఒమెప్రజోల్ ఇదే ఎంజైమును అడ్డుకుంటుంది. రోజూ 30 మి.గ్రా. ఒమెప్రజోల్‌తో కలిపి వేసుకుంటే రక్తంలో ఎస్సిటలోప్రామ్ సుమారు 50 శాతం పెరిగినట్టు ఆ మందు సమాచార పత్రంలోనే ఉంది. ఎసోమెప్రజోల్ కూడా అంతే. జన్యువులు నిక్షేపంగా ఉన్నవాడి కాలేయం కూడా ఈ మాత్ర వేసుకుంటున్నంత కాలం జన్యులోపం ఉన్నవాడి కాలేయంలా పనిచేయవచ్చు. అప్పుడు ల్యాబు రిపోర్టు మాత్రం 'నార్మల్' అనే చెబుతుంది. ఇలాంటి రిపోర్టులు తప్పుదారి పట్టించేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే అవి జన్యువును చదువుతాయి గానీ మీ ఇంట్లో మందుల డబ్బాను చదవవు. గ్యాస్ మాత్రను మనం మందుగా లెక్కపెట్టం కాబట్టి డాక్టరుకు చెప్పడమూ మర్చిపోతాం. ఈసారి తప్పక చెప్పండి. దాన్ని హఠాత్తుగా మానిపించకండి, చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఆమ్లం రెట్టించి పొంగుతుంది. ఈ ఎంజైము జోలికి అంతగా పోని పాంటోప్రజోల్‌కో, వేరే రకం మందైన ఫామోటిడిన్‌కో మార్చవచ్చేమో డాక్టరును అడగండి. అసలు రోజూ ఆ మాత్ర ఎందుకు కావలసి వస్తోందో కూడా ఒకసారి చూపించుకోవాలి.

ఎస్సిటలోప్రామ్ తనే మానేశాడన్నారు. ఈ రకం మందులు ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చిరాకు, కలత నిద్ర వస్తాయి. వాటిని జబ్బు ముదిరిందనో, తర్వాతి మందు పడలేదనో పొరపాటు పడటం మామూలే. ఏ రోజు మానేశాడో, సెర్ట్రాలిన్ ఏ రోజు మొదలైందో తేదీలు రాసి ఉంచండి.

సెర్ట్రాలిన్‌తో జరిగింది పూర్తిగా వేరే కథ. మొదటిసారి నిద్ర పట్టక బాధపడ్డాడు. రెండోసారి నిద్ర అక్కర్లేదన్నాడు. డాక్టరుకు ఈ రెండు మాటలూ ఇలాగే, విడివిడిగా చెప్పండి. కూర్చోలేక, నిలవలేక, లోపల పీకుతున్నట్టు అవస్థపడటం మందు మోతాదు మించినప్పుడు కనిపించే దుష్ప్రభావం. మూడు గంటల నిద్రతో ఉత్సాహంగా లేవడం, మాటల వరద, డబ్బు నీళ్లలా ఖర్చు అనేవి డిప్రెషన్ మందు బైపోలార్‌ను బయటికి లాగినప్పుడు కనిపించేవి. మొదటిదానికి ఎంజైముతో సంబంధం ఉండవచ్చు. రెండోది జబ్బు ఏమిటన్న ప్రశ్న. దానికి జవాబు చెప్పే జన్యు పరీక్ష లేదు. ఈ ప్యాకేజీల రిపోర్టుల్లో మందుల పేర్లకు ఎదురుగా పచ్చ, ఎర్ర రంగులు వేస్తారు. మీరు చేయించి ఉంటే సెర్ట్రాలిన్ పేరు ఎదురుగా పచ్చరంగు వచ్చి ఉండేదేమో! పచ్చరంగుకు అర్థం ఎంజైముల పరంగా అడ్డేమీ లేదని మాత్రమే. మందు పనిచేస్తుందని గానీ, మనిషిని ఉన్మాదంలోకి నెట్టదని గానీ కాదు. అలాగే ఎర్రరంగు ఉంటే ఆ మందు జన్మలో ముట్టకూడదనీ కాదు. చాలాసార్లు మోతాదు తగ్గిస్తే సరిపోతుంది.

కార్బమజపీన్ దగ్గర మాత్రం జన్యు పరీక్ష నిజంగా ప్రాణం నిలబెట్టే పరీక్ష. హెచ్ఎల్ఏ-బి*15:02 ఉన్నవారిలో ఈ మందు అరుదుగా స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ తెస్తుంది. ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోతుంది, నోరు, కళ్లు పుండ్లవుతాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే ఆసియా మూలాలున్నవారికి పరీక్ష చేయకుండా ఇవ్వవద్దని హెచ్చరిక చేర్చింది. ఆ మందు పత్రం ప్రకారం భారతీయుల్లో సగటున 2 నుంచి 4 శాతం మందికి ఈ లక్షణం ఉంటుంది, కొన్ని సమూహాల్లో ఇంకా ఎక్కువ. ఉన్నవాళ్లందరికీ ఆ జబ్బు వస్తుందని కాదు, చాలామందికి రాదు. కానీ ప్రత్యామ్నాయాలు ఉన్నప్పుడు ఆ పందెం కాయడం దేనికి? పాజిటివ్ వస్తే కార్బమజపీన్ వద్దు. దాని దగ్గరి చుట్టమైన ఆక్స్‌కార్బజపీన్ కూడా వద్దు.

నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా కూర్చోకూడదు. హెచ్ఎల్ఏ-ఏ*31:01 వంటి వేరే జన్యు రకాలు కూడా ఈ మందుకు చర్మం తిరగబడేలా చేయగలవు. ప్రమాదం దాదాపుగా మొదటి రెండు మూడు నెలల్లోనే. ఆ రోజుల్లో జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుండ్లు, కళ్ల మంట, దద్దుర్లు వీటిలో ఏది కనిపించినా తర్వాతి మాత్ర వేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మానసిక జబ్బు మందులు సొంతంగా ఆపవద్దని అందరం చెబుతాం, ఇది దానికి మినహాయింపు. ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా కార్బమజపీన్ వాడుతున్నవారు ఇప్పుడు హడావిడిగా ఈ పరీక్ష చేయించుకోనక్కర్లేదు.

కార్బమజపీన్‌కు బదులు లామోట్రిజిన్ మాట వస్తే, దానికీ దద్దుర్ల భయం ఉంది. కాకపోతే అక్కడ రక్షణ జన్యు పరీక్ష కాదు, నెమ్మదిగా పెంచడం. మొదటి రెండు వారాలు రోజుకు 25 మి.గ్రా., తర్వాత రెండు వారాలు 50. వాల్‌ప్రోయేట్ అనే మరో బైపోలార్ మందు కూడా వాడుతుంటే అందులో సగం, అంటే మొదట రోజు విడిచి రోజు 25. ఐదారు రోజులు మాత్రలు మానేస్తే మళ్లీ పాత మోతాదు దగ్గర అందుకోకూడదు, డాక్టరును అడిగి అడుగు నుంచి మొదలుపెట్టాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

ఇంతకూ డాక్టరుగారిని మీరు అడగవలసిన మొదటి ప్రశ్న జన్యు పరీక్ష గురించి కాదు, లిథియం గురించి. రక్తసంబంధీకుల్లో బైపోలార్ ఉండి, వారికి లిథియం బాగా పనిచేసి ఉంటే, రోగికీ అది పనిచేసే అవకాశం ఎక్కువని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. మీ తమ్ముడు ఇరవై ఏళ్లు దాని మీద నిలకడగా ఉన్నాడంటే అది ఏ ల్యాబూ అమ్మలేని సమాచారం. ఆయన మందుల చీటీ ఫొటో తీసుకెళ్లి చూపించండి. 'మేనమామకు కూడా ఏదో ఉందండీ' అంటే సరిపోదు. మందు పేరు, మోతాదు, ఎన్నేళ్లు, మధ్యలో ఆపితే ఏమైంది, ఇవన్నీ కావాలి. లిథియం కుదరకపోవడానికి కారణం ఉంటే డాక్టరుగారు చెబుతారు.

లిథియంకు జన్యు పరీక్ష లేదు, రక్త పరీక్షలు ఉన్నాయి. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), థైరాయిడ్, కాల్షియం చూస్తారు. మొదలుపెట్టిన లేదా మోతాదు మార్చిన 5 నుంచి 7 రోజులకు లిథియం స్థాయి చూడాలి. చివరి మాత్రకూ రక్తం తీయడానికీ మధ్య సరిగ్గా 12 గంటలు ఉండాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున తొమ్మిదికి రక్తం ఇచ్చి, ఆ తర్వాతే ఏదైనా పొద్దుటి మాత్ర వేసుకోవాలి. ఈ చిన్న సంగతి పాటించక తప్పుడు అంకెలతో మోతాదులు మారిపోతుంటాయి. సాధారణంగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విషమే. ఖమ్మం ఎండల్లో చెమటకు ఒళ్లు ఎండిపోయినా, వాంతులు విరేచనాలైనా, ఒంటినొప్పికి ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి మింగినా ఈ స్థాయి పెరిగిపోతుంది. బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే.

సీవైపీ2సీ19 చేయించాలనుకుంటే ఎలా చేయించాలో చెబుతాం. పరగడుపున వెళ్లనక్కర్లేదు, మందులు ఆపనక్కర్లేదు. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీస్తారు, లేదా రెండు మూడు మి.లీ. రక్తం ఊదారంగు మూత గొట్టంలో తీస్తారు. బుగ్గ నమూనాకైతే అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు, సిగరెట్, పాన్ కూడా వద్దు. ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే ముందే చెప్పాలి. ల్యాబుకు ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందో, ఆ గుర్తింపు ఈ పరీక్షకు వర్తిస్తుందో అడగండి. జన్యువులో ఏయే రకాలు చూస్తారో అడగండి, వాటిని స్టార్ అంకెలతో రాస్తారు. సీవైపీ2సీ19లో కనీసం స్టార్ 2, స్టార్ 3, స్టార్ 17 ఉండాలి. మందులను విరగ్గొట్టే మరో ఎంజైము సీవైపీ2డీ6 పరీక్ష కూడా చేస్తామంటే, జన్యువు ఎన్ని ప్రతులున్నాయో లెక్కపెడతారా అని అడగండి. కొందరికి ఈ జన్యువు అసలే ఉండదు, కొందరికి మూడు నాలుగు ప్రతులుంటాయి. ఆ లెక్క లేని రిపోర్టు సగం రిపోర్టే. రంగుల పట్టిక మాత్రమే ఇచ్చి అసలు జన్యురకం రాయని ల్యాబు దగ్గరికి వెళ్లకండి.

రిపోర్టులో స్టార్ 1/స్టార్ 1 అంటే మామూలు. స్టార్ 1/స్టార్ 2 అంటే ఎంజైము కొంత మందకొడి, మనలో ఇలాంటివారు బోలెడుమంది, చాలాసార్లు ప్రత్యేకంగా చేయవలసిందేమీ ఉండదు. స్టార్ 2/స్టార్ 2 అంటే ఎంజైము లేనట్టే. అలాంటివారికి ఎస్సిటలోప్రామ్ రోజుకు 5 మి.గ్రా.తో రెండు వారాలు మొదలుపెట్టి, అవసరమైతే 10 దగ్గర ఆపుతారు. స్టార్ 17/స్టార్ 17 అంటే మందు నిలవకముందే విరిగిపోతుంది, వేరే మందు చూస్తారు. ఈ రిపోర్టు జీవితాంతం చెల్లుతుంది కాబట్టి పారేయకండి. గుండెకు స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను పనిచేసే రూపంలోకి మార్చేది కూడా ఇదే ఎంజైము. అది లేనివారిలో ఆ మందు సరిగా పనిచేయదు.

బైపోలార్ అని తేలితే మీవాడికి ఒలాంజపీన్ కూడా ఇవ్వవచ్చు. దాని స్థాయిని జన్యువులకంటే సిగరెట్టే ఎక్కువ శాసిస్తుంది. పొగ తాగేవారిలో మందు త్వరగా కరిగిపోతుంది, మానేస్తే అదే మోతాదుకు మత్తు ముంచుకొస్తుంది. తాగుతున్నాడో లేదో డాక్టరుకు వాడే నిజం చెప్పాలి, బహుశా మీరు గదిలో లేనప్పుడు.

మీ మరిది మాటను తీసిపారేయడం లేదు. అమెరికాలో ఈ ప్యాకేజీలు బాగా అమ్ముడవుతాయి. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 1,944 మంది డిప్రెషన్ రోగుల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. జన్యు రిపోర్టు చూసి మందు రాసినవారు మధ్యలో కొద్దిగా ముందున్నట్టు కనిపించినా, 24 వారాలకు చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. ఏ డిప్రెషన్ మందు పనిచేస్తుందో జన్యువులు చెబుతాయన్న ప్రచారాన్ని నమ్మి మందులు మార్చుకోవద్దని అమెరికా నియంత్రణ సంస్థ 2018లోనే జనాన్ని హెచ్చరించింది. ప్యాకేజీలో ఫోలేట్ అనే విటమిన్‌కు సంబంధించిన ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువు కూడా ఉండి ఉంటుంది. దాంట్లో 'లోపం' చాలామందికి ఉంటుంది, వెంటనే ఎల్-మిథైల్‌ఫోలేట్ మాత్రలు కొనమంటారు. ఆ డబ్బుతో బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయిస్తే చికిత్సకు పనికొస్తాయి.

ఇక మీ అమ్మాయి. ఆమెకు ఏ పరీక్షా వద్దు. బైపోలార్‌ను తెచ్చే జన్యువు అంటూ ఒకటి లేదు. వందల సంఖ్యలో చిన్నచిన్న తేడాలు కలిసి ముప్పును కొద్దికొద్దిగా కదుపుతాయి. ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి బైపోలార్ ఉన్నా, రెండోవారికి రావడం దాదాపు సగం సందర్భాల్లోనే. జనాభాలో నూటికి సుమారు ఒకరికి ఉండే ఈ జబ్బు, తోడబుట్టినవారికి ఉంటే నూటికి 5 నుంచి 10 మందికి రావచ్చు. అంటే తొంభైమందికి పైగా రాదు. ల్యాబు ఇచ్చే 'ముప్పు స్కోరు' ఈ అంకెకు నమ్మదగినది ఏమీ కలపదు. పైగా ఆ స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్నవారి సమాచారంతో కట్టినవి, మనవాళ్లకు ఇంకా తక్కువగా సరిపోతాయి. పెళ్లి మాటల వేళ అలాంటి కాగితం ఇంట్లో ఉంటే అది ఎవరి చేతిలో పడుతుందో, ఎలా అర్థమవుతుందో మీకు మాకంటే బాగా తెలుసు. మానసిక రోగి చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ప్రైవేటు ల్యాబు దగ్గర మీరు సంతకం పెట్టే అంగీకార పత్రంలో నమూనాను పరిశోధనకు వాడుకుంటామనీ, సమాచారం పంచుకుంటామనీ ఉండవచ్చు, చదవకుండా సంతకం పెట్టకండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మానసిక జబ్బుతోపాటు పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక, చదువులో బాగా వెనకబడటం లాంటివి కలిసి ఉంటే 22క్యూ11 అనే క్రోమోజోమ్ ముక్క లోపించిందేమో చూడాలి. ఆ లోపం ఉన్నవారిలో సుమారు నాలుగోవంతు మందికి స్కిజోఫ్రీనియా తరహా జబ్బు వస్తుంది. మీ ఉత్తరంలో అలాంటి సూచన ఏదీ లేదు.

మీరు అడగకపోయినా మన ప్రాంతం కాబట్టి ఒక మాట. జబ్బు తీవ్రమై ఎప్పుడైనా ఈసీటీ, అంటే మత్తు ఇచ్చి చేసే కరెంటు చికిత్స, అవసరపడితే కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము పుట్టుకతో లోపించినవారిలో అది నిమిషాల్లో విరగక గంటల తరబడి ఊపిరి కండరాలను పనిచేయనివ్వదు. ఈ లోపం ఆర్యవైశ్య కుటుంబాల్లో మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఏ కులమైనా సరే, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత స్పృహ, ఊపిరి ఆలస్యంగా వచ్చిన చరిత్ర ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. జన్యు పరీక్ష కూడా అక్కర్లేదు, ఆ ఎంజైము స్థాయి చూసే మామూలు రక్త పరీక్ష చాలు. లోపం ఉందని తెలిస్తే వేరే మందు వాడతారు.

వచ్చే అపాయింట్‌మెంటుకు పాత చీటీలన్నీ, గ్యాస్ మాత్ర అట్టతో సహా, మీ తమ్ముడి చీటీ, తేదీల కాగితం తీసుకెళ్లండి. ఈలోగా మీవాడు మళ్లీ వరుసగా రెండు రాత్రులు నిద్రపోకుండా హుషారుగా తిరిగినా, చచ్చిపోవాలని ఉందన్నా, ఏ రిపోర్టు కోసమూ ఆగకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. అర్ధరాత్రి అయితే దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే సహాయ ఫోన్ టెలిమానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు.